పిడకలకు భయపడం గానీ కాగితానికి భయపడతాం

మాది కైరుప్పల. ఆదోని, ఎమ్మిగనూరు బాగా తిరిగినవాళ్ళకు కూడా మా ఊరు ఒక్క విషయానికే గుర్తుంటుంది, పిడకల సమరం. ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి, కొందరు భద్రకాళి అమ్మవారి తరఫున, కొందరు వీరభద్రస్వామి తరఫున పిడకలతో కొట్టుకుంటారు. టీవీలవాళ్ళు ఏటా వస్తారు. దెబ్బ తగిలినవాడు గుళ్ళో విభూతి రాసుకుని మళ్ళీ గుంపులోకి పోతాడు. ఆ తర్వాత దేవుళ్ళకు కళ్యాణం, మనుషులకు రాజీ. ఆఫీసులో ఎవరికైనా ఆ వీడియో చూపిస్తే "మీ ఊరివాళ్ళకు భయమంటూ ఉండదా?" అంటారు. ఉంటుందండీ. కోర్టు కాగితమంటే ఉంటుంది.

ఆ భయం గురించే ఇదంతా. ఇంగ్లండులో ఒక ప్రైవేటు పార్కింగు బాకీ కోసం నా మీద కోర్టులో దావా వేశారు. లాయరు లేకుండా నేనే వాదించుకున్నాను. ముందే చెప్పేస్తున్నా, పూర్తిగా గెలవలేదు. గెలిచిన కథలు చాలామంది చెబుతారు, నాది సగం ఓడిన కథ. అందుకే చెప్పాలనిపించింది.

2023 నవంబరు 11, దీపావళికి ముందు రోజు. రెడింగు దగ్గర నాలుగైదు పెద్ద కొట్లున్న ఒక రిటైలు పార్కుకి వెళ్ళాం. పార్కింగు రెండు గంటలు ఉచితం. గేటు లేదు, చీటీ ఇచ్చే మనిషి లేడు. స్తంభం మీద ఒక కెమెరా ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు నంబరు ప్లేటుకి ఒక ఫోటో, బయటికి వచ్చేటప్పుడు ఒక ఫోటో. నా రెండు ఫోటోల మధ్య తేడా 2 గంటల 23 నిమిషాలు. పది రోజుల్లో ఇంటికి ఉత్తరం వచ్చింది. 100 పౌండ్లు కట్టండి, 14 రోజుల్లో కడితే 60 చాలు అని.

మన దగ్గర పార్కింగు గొడవ ఎంత పెద్దదైనా గేటు దగ్గరే మొదలై గేటు దగ్గరే అయిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో జీవో 63 తెచ్చి, మాల్సు, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలకు రుసుం తీసుకోకూడదంది. దాన్ని పట్టుకుని హైదరాబాదులో ఎన్నిసార్లు వాదించానో, వాదించలేక ఎన్నిసార్లు ఇరవయ్యో ముప్ఫయ్యో వాడి చేతిలో పెట్టి వచ్చానో లెక్కలేదు. కానీ అక్కడ ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ కెమెరాతో ఏం మాట్లాడతాం?

మా టీములో ఒక సీనియరున్నాడు, మనవాడే, చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. అడిగితే "ప్రైవేటువాళ్ళవి చింపి అవతల పడెయ్, వాళ్ళకే అధికారమూ లేదు" అన్నాడు. చింపలేదు గానీ పట్టించుకోలేదు. తర్వాత రెండు ఉత్తరాలొచ్చాయి. ఆ తర్వాత వసూళ్ళ కంపెనీ నుంచి ఎర్రక్షరాల ఉత్తరం, 100 కాస్తా 170 అయింది. అదీ సొరుగులోకే వెళ్ళింది.

మా సీనియరు చెప్పింది అబద్ధం కాదు. పాత వెర్షను డాక్యుమెంటేషను, అంతే. ఒకప్పుడు బండి నడిపిందెవరో కంపెనీయే తేల్చుకోవాలి. ఓనరు నోరు విప్పకపోతే వాళ్ళకు చాలా కష్టం. 2012లో ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో ప్రైవేటు స్థలాల్లో చక్రాలకు తాళం వెయ్యడం నేరమైంది. అందుకు బదులుగా, నియమాల ప్రకారం నోటీసు పంపితే, నడిపిందెవరో తెలియకపోయినా బండి ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గర వసూలు చేసుకునే వీలు కంపెనీలకు దొరికింది. కెమెరా కేసుల్లో ఆ నోటీసు 14 రోజుల్లోగా అందాలి. నాకు అందింది కూడా.

ఇంకో తికమక ఉంది. మున్సిపాలిటీ వేసేదీ పీసీఎన్, ప్రైవేటు కంపెనీ పంపేదీ పీసీఎన్. మొదటిదాంట్లో పీ అంటే పెనాల్టీ, రెండోదాంట్లో పార్కింగు. మొదటిది జరిమానా. రెండోది కాంట్రాక్టు తాలూకు బిల్లు. బోర్డు మీద షరతులు రాశాం, చదివి బండి పెట్టావు కాబట్టి ఒప్పుకున్నట్టే, ఒప్పందం తప్పావు కాబట్టి కట్టు అని. జరిమానా కాదు కదా అని తేలిగ్గా తీసుకుంటాం. కానీ బిల్లు కట్టకపోతే కోర్టుకి వెళ్ళొచ్చు కదా!

వెళ్ళారు. ఈలోగా మేం ఇల్లు మారాం. దావా కాగితం పాత ఇంటికి వెళ్ళింది. ఆ ఇంట్లో కొత్తగా దిగిన పాలమూరు అబ్బాయి, "అన్నా, నీ పేరు మీద కోర్టు నుంచి ఏదో వచ్చింది" అని ఫోన్ చేశాడు. ఆ అబ్బాయి ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఎందుకంటే జవాబివ్వకపోతే విచారణ ఉండదు, ఎవరూ ఏమీ అడగరు, అవతలివాళ్ళు అడిగినంతకీ తీర్పు వచ్చేస్తుంది. అది కోర్టు తీర్పుల రిజిస్టరులోకి ఎక్కి ఆరేళ్ళుంటుంది. అప్పుడు మేం ఇల్లు కొనడానికి లోనుకి పెట్టుకుని ఉన్నాం. 100 పౌండ్ల గొడవకి ఇంటి లోను పోయేది.

కవరు తెచ్చుకున్నాను. నార్తాంప్టన్ నుంచి వచ్చింది. మొత్తం 255 పౌండ్లు, పైన కొంత వడ్డీ. 100 అసలు, 70 వసూళ్ళ ఖర్చు, 35 కోర్టు ఫీజు, 50 లాయరు ఖర్చు. ఒకసారి చదివి, మడిచి, పాసుపోర్టులుండే సొరుగులో అడుగున పెట్టాను. పెట్టి సొరుగు మూస్తుంటే మా నాయన గుర్తొచ్చాడు.

1990ల్లో మా నాయన ఆదోనిలో ఒక వ్యాపారి దగ్గర ప్రోనోటు రాసి 12 వేలు తెచ్చాడు. వేరుశనక్కాయ పంటకి. వానల్లేక పంట పోయింది. అయినా రెండు విడతలు కట్టాడు, రసీదులూ ఉన్నాయి. ప్రోనోటు మీద దావా మూడేళ్ళలోపు వెయ్యాలి కదా, ఆ గడువు దాటకముందే వ్యాపారి కోర్టుకి పోయాడు. సమన్లొచ్చాయి. మా నాయన సంతకం పెట్టి తీసుకుని, ట్రంకు పెట్టెలో పెట్టి, ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా. వాయిదాకి పోలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. కట్టిన రెండు విడతల మాటే కోర్టుకి తెలీదు, ఎవరు చెప్పాలి? అమీను ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రెండెకరాలు అమ్మి తీర్చాడు. ఆ రసీదులూ ఆ సమన్లూ ఒకే పెట్టెలో, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

తర్వాతెప్పుడో అడిగాను, ఎందుకు పోలేదు నాయనా అని. "కోర్టు మెట్లెక్కితే ఏం మాట్లాడల్లనో నాకేం తెలుసప్పా" అన్నాడు.

నేను ఇంజనీరింగు చదివాను, రోజూ క్లయింటు కాల్సులో మాట్లాడతాను, అయినా కాగితం సొరుగులోనే పెట్టాను. మరి తేడా ఏముంది? పోనీ, పరువు పోతుందని 255 కట్టేసి మాట్లాడకుండా ఉండేవాళ్ళనీ చూశాను. అది తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ, అక్కడా అదే భయం.

ఆ రాత్రి సొరుగు తెరిచాను. దావా అందిందని 14 రోజుల్లో ఆన్‌లైనులో చెబితే చాలు, జవాబు రాయడానికి మొత్తం 28 రోజులొస్తాయి. ఆ పని పది నిమిషాలు పట్టింది. తర్వాత కంపెనీకి మెయిలు పెట్టాను, మీ దగ్గరున్న నా సమాచారమంతా ఇవ్వండి అని. డేటా చట్టం ప్రకారం నెలలోపు ఇవ్వాలి, ఫీజు లేదు. ఫోటోలు, టైములు, పాత ఉత్తరాలు అన్నీ వచ్చాయి.

జవాబు కోసం నెట్టులో వెతికితే పదమూడు పేజీల రెడీమేడ్ నమూనా దొరికింది. కాపీ పేస్టు చేద్దామనుకున్నా. చదివితే అందులో సగం నా కేసుకి సంబంధం లేనివే. అర్థం కాని కోడు ప్రొడక్షనులో పెడితే ఏమవుతుందో మనకు తెలుసు :) అన్నీ తీసేసి రెండు పేజీలు రాసుకున్నాను. బగ్ రిపోర్టులాగే. ఏం జరిగింది, ఎప్పుడు, ఆధారమేంటి. మూడే పాయింట్లు. ఒకటి, కెమెరా చూపించేది గేటు నుంచి గేటు దాకా టైము, బండి ఆపి ఉన్న టైము కాదు. పండగ రద్దీలో చోటు దొరకడానికి 7 నిమిషాలు, బయటపడడానికి 12 నిమిషాలు పట్టాయి, ఫోనులో లొకేషను చరిత్ర ఉంది. రెండు, పార్కింగు కంపెనీల సంఘం నియమావళే గడువు దాటాక కనీసం 10 నిమిషాలు వదలాలంటుంది. మూడు, ఆ 70 ఎక్కడిది?

నా పక్కన పెద్ద అడ్డం కూడా ఉంది, అది దాచకూడదు. 2015 నవంబరు 4న ఇక్కడి సుప్రీం కోర్టు ఇచ్చిన పార్కింగ్ఐ-బీవిస్ తీర్పు. బ్యారీ బీవిస్ అనే ఆయన చిప్స్ కొట్టు యజమాని. చెమ్స్‌ఫర్డులో రెండు గంటలు ఉచితమైన చోట 56 నిమిషాలు ఎక్కువున్నాడు, 85 పౌండ్లు వేశారు. నష్టమేమీ లేనప్పుడు అంత ఎలా వేస్తారని సుప్రీం కోర్టు దాకా పోయాడు. ఆరుగురు ఒకవైపు, ఒక్క జడ్జి ఇంకోవైపు, ఓడిపోయాడు. చోటు ఖాళీ అవుతూ ఉండాలంటే అంత చార్జి ఉండడం న్యాయమేనంది కోర్టు. కాబట్టి "ఇంత అన్యాయమా" అన్న వాదన ఇక్కడ చెల్లదు. మనకేమో ముందు నోటికొచ్చేది అదే.

మధ్యవర్తి ఫోను కాలు ఒకటి జరిగింది, రాజీ కుదరలేదు. 2025 మొదట్లో విచారణ. కోర్టంటే సినిమాల్లోలా బోను, సుత్తి ఊహించుకుని వెళ్ళాను. మన మీటింగు రూములా ఉంది. ఒక బల్ల, ఎదురుగా జడ్జి. "జడ్జ్" అని పిలిస్తే చాలట. కంపెనీ తరఫున ఆ ఒక్క పూటకి మాట్లాడుకున్న లాయరొచ్చింది, మర్యాదస్తురాలు. చిన్న క్లెయిముల్లో ఓడినా సాధారణంగా అవతలివాళ్ళ లాయరు ఫీజులన్నీ మన నెత్తిన పడవు, ఆ ధైర్యంతోనే కూర్చున్నాను.

జడ్జి నా లొకేషను చరిత్ర ఒప్పుకున్నారు. చోటు వెతకడం, బయటికి క్యూ, అన్నీ నమ్మారు. తర్వాత నేనే జతచేసిన కొట్టు బిల్లు తీశారు. నేను కస్టమరునే అని రుజువుకి పెట్టుకున్నాను అది. దాని మీద టైము 1.10. నేను గేటు దాటి లోపలికొచ్చింది 11.02కి. బోర్డు మీద లెక్క ప్రవేశం నుంచి అని స్పష్టంగా ఉంది. "రెండు గంటలు అయిపోయేసరికి మీరింకా బిల్లు దగ్గరే ఉన్నారు. ఆ పది నిమిషాలు బయటికి వెళ్ళడానికి, కొనుక్కోవడానికి కాదు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా!

100 కట్టమన్నారు. 70 కొట్టేశారు. కారణం వింటే నవ్వొచ్చింది, మళ్ళీ బీవిస్ తీర్పే. ఆ 85లోనే పార్కింగు నడిపే ఖర్చు, వసూలు చేసే ఖర్చు ఇమిడి ఉన్నాయని సుప్రీం కోర్టు అన్నాక, అదే పనికి ఇంకో 70 ఎలా అడుగుతారు అని. నన్ను ఓడించిన తీర్పే నన్ను కాస్త కాపాడింది. అన్నిచోట్లా ఇలాగే చెబుతారనుకోకండి, జడ్జిని బట్టి మారుతుంది.

లెక్క చూస్తే 100, కోర్టు ఫీజు 35, లాయరు ఖర్చు 50, విచారణ ఫీజు 27. మొత్తం 212. వడ్డీ ఇవ్వలేదు. అంటే ఏడాది పైన కష్టపడి నేను మిగిల్చింది 43 పౌండ్లు. ఇంకోలా చూస్తే, మొదటి ఉత్తరం వచ్చినప్పుడే అప్పీలు చేసుకునో, తప్పు మనదే అని తేలితే 60 కట్టేసో ఉంటే అంతా అప్పుడే అయిపోయేది. ప్రతి మలుపులోనూ బయటికి ఒక చవక దారి ఉంది. నేను మాట్లాడకుండా కూర్చున్న ప్రతిసారీ అది మూసుకుపోయింది. తీర్పయ్యాక నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టరులో పేరు ఉండదు. మూడో రోజే కట్టేశాను. లోను వచ్చింది.

నాయనకి ఫోన్ చేసి చెప్పాను.

"ఓడిపోయినావా?"

"సగం."

"పోయి మాట్లాడినావా?"

"మాట్లాడినా నాయనా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏమన్న్యాడు జడ్జి, కోపం చేసుకున్న్యాడా?" అని అడిగాడు. లేదు, నేను చెప్పేదంతా విన్నాడు అన్నాను. "విన్న్యాడా" అన్నాడు మళ్ళీ, తనలో తనే.

ఆ ఏడు ఉగాదికి ఊరికి వెళ్ళాను. మరునాడు పిడకలయ్యాయి, ఒళ్ళంతా దుమ్ము. స్నానం చేసి బయటికొచ్చేసరికి అరుగు మీద మా వీధి అతనొకడు కూర్చుని ఉన్నాడు, మోచేతికి విభూతి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ట్రాక్టరు లోను మీద నోటీసంట. కట్టిన కంతులు కొన్ని లెక్కలోకి రాలేదంట. పది రోజులుగా బియ్యం డబ్బాలో దాచినాడంట.

నాయనే పిల్చుకొచ్చాడు. "పెట్టెలో పెట్టద్దని చెప్పినా. రసీదులు కూడా తెచ్చుకోమన్న్యా" అన్నాడు నాతో. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఊఁ, రాయి. ఎట్ల రాస్తారో నేనూ చూస్తా."