సంతకం పెట్టేశాను, ఇప్పుడెలా?

బియ్యం కొనేముందు గుప్పెడు తీసి వాసన చూస్తాం. వంకాయ పుచ్చుందేమోనని తొడిమ తిప్పి చూడనిదే బుట్టలో వెయ్యం. చీర సంగతి చెప్పనే అక్కర్లేదు, కొట్టువాడు విసుక్కున్నా సరే గుమ్మందాకా తీసుకెళ్ళి వెలుతురులో చూసుకుంటాం. అలాంటిదాన్ని, 21,240 రూపాయల కాగితం మీద ఒక్క ముక్కయినా చదవకుండా సంతకం పెట్టేశానంటే మీరు నమ్ముతారా? పెట్టాను మరి!

2024 జనవరి నాటి మాట. హైదరాబాద్‌లో మేముండే కాలనీకి దగ్గర్లో మెయిన్ రోడ్డు మీద ఒక జిమ్ తెరిచారు. పేరెందుకు లెండి. వాకింగ్‌కని బయల్దేరినదాన్ని ఊరికే చూద్దామని మేడెక్కాను. కౌంటర్‌లో అమ్మాయి మా పెద్దదాని వయసు ఉంటుంది. "నెలకైతే 2,500 ఆంటీ, ఏడాదికి ఒకేసారి కడితే 18,000 మాత్రమే. కొత్త సంవత్సరం ఆఫర్, ఈ సాయంత్రంతో ఆఖరు" అంది. దానిమీద 18 శాతం జీఎస్టీ ఉందని బిల్లు చేతికొచ్చాకగానీ తెలియలేదు. (ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. అప్పటికి నా ముచ్చట తీరిపోయింది.)

నిజం చెప్పొద్దూ, నన్ను పడగొట్టింది ఆఫర్ కాదు. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఆడవాళ్ళకి మాత్రమే, నేర్పేది కూడా లేడీ ట్రైనరే అన్నారు. వంట, బాక్సులు, బట్టలు అన్నీ అయి, అత్తయ్యగారు కాసేపు నడుం వాల్చే వేళ అది. రోజు మొత్తంలో నాదనేది ఏదైనా ఉంటే ఆ గంటన్నరే. చీటీ పాడగా వచ్చిన డబ్బు నా ఖాతాలోనే ఉంది. ఫోనులోంచి అప్పటికప్పుడే కట్టేశాను.

ఇంటికొచ్చి చెబితే మావారు పేపరు దించకుండానే "కుట్టుమిషను అయింది, వీణ క్లాసులయ్యాయి, ఇప్పుడు ఇదా?" అన్నారు. వేళాకోళానికే అన్నారు. కానీ ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ తర్వాత నేను పడిన అవస్థకు సగం కారణం ఆ ముల్లే.

మొదటి రెండు నెలలూ హాయిగా గడిచాయి. ఏడెనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఆ ట్రైనరు పిల్ల మా నడుముల్నీ మోకాళ్ళనీ ఎరిగి నెమ్మదిగా చేయించేది. ఫిబ్రవరి ఆఖర్లో ఆ అమ్మాయి మానేసింది. "వారంలో కొత్తావిడ వస్తారు" అన్నారు. రాలేదు సరికదా, మార్చిలో ఆ వేళకి మగపిల్లలు కూడా రావడం మొదలైంది. అడిగితే "జనరల్ బ్యాచ్ చేశాం మేడమ్" అన్నారు. ఆంటీ నుంచి మేడమ్‌కి ఎప్పుడు మారానో గమనించలేదు.

ఈలోగా నా కుడి మోకాలు మొరాయించింది. మెట్లు దిగుతుంటే కలుక్కుమనేది. ఇంట్లో చెబితే "మానెయ్యడానికి వంక దొరికిందా?" అంటారని రెండు వారాలు దాచాను. జండూ బామ్ రాసుకుంటూ జిమ్‌కి వెళ్ళొచ్చాను, చూడండి నా తెలివి! చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, ఆరు నెలలు గుంజీల్లాంటివీ బరువులూ కూడదని చీటీ మీద రాసిచ్చారు.

ఆ చీటీ పట్టుకుని ఏప్రిల్ మొదట్లో కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. "నో రిఫండ్ మేడమ్, ఫామ్‌లో ఉంది, మీరు సంతకం పెట్టారు." కావాలంటే ఒక నెల ఆపుతారట, దానికి 500. వేరొకరి పేరు మీదికి మారుస్తారట, దానికి 1,500. నేను కట్టిన డబ్బుని ఇంకొకరికి ఇవ్వడానికి నేనే మళ్ళీ కట్టాలన్నమాట!

ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, ఆ ఫామ్ మొదటిసారి చదివాను. కళ్ళజోడు పెట్టినా ఆనని అక్షరాలు. ఏడో షరతు: ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బు వాపసు లేదు. గుండె జారింది. సరే, ఎలాగూ మొదలుపెట్టానని చివరిదాకా చదివాను. పదకొండోది చూడండి: యాజమాన్యం వేళల్నీ, ట్రైనర్లనీ మార్చవచ్చు, ఎవరి సభ్యత్వాన్నైనా కారణం చెప్పకుండా రద్దు చేయవచ్చు. అంటే వాళ్ళు నన్ను ఎప్పుడైనా పొమ్మనవచ్చు, నేను మాత్రం పోతానంటే కుదరదు!

ఆ రాత్రి అత్తయ్యగారు కూర్చున్న చోటనుంచే "ఏమిటే, మూడు రోజులుగా చారులో ఉప్పు ఉండట్లేదు" అన్నారు. చెప్పేశాను. ఆవిడ విని, "రాసుకున్నాడు గనక ఇవ్వడా? పాలవాడు నీళ్ళు కలుపుతానని ముందే రాసిచ్చి కలిపితే ఊరుకుంటామా?" అన్నారు. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. నేను డిగ్రీ పాసయ్యాను. నాకెందుకు తట్టలేదో!

తరువాత తెలిసిందేమిటంటే, చట్టమూ దాదాపు అదే మాట అంటోంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. ఒక పక్షం మాత్రం సరైన కారణం లేకుండా తనంతట తాను రద్దు చేసుకునే హక్కు రాసుకోవడం, జరిగిన నష్టానికి పొంతన లేనంత జరిమానా వెయ్యడం, ఇలాంటివి కొనేవారికి బాగా చేటు చేసేలా ఉంటే అది అన్యాయమైన ఒప్పందమని అందులో ఉంది. ఒప్పందమే అన్యాయమంటే రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి. చెప్పిన సేవ చెప్పినట్టు ఇవ్వలేదంటే మన జిల్లా కమిషన్ చాలు. మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ప్లీడరు ఉండి తీరాలనీ లేదు. రెండేళ్ళ లోపల వెయ్యాలి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నా మోకాలు నొప్పి వాళ్ళ తప్పు కాదు. ఏడాదికి కడతానన్నాను గనకే తగ్గించి ఇచ్చారు, అదీ నిజమే. మొత్తం ఇమ్మనడం నాకే సబబనిపించలేదు. అందుకని ఇలా లెక్క కట్టాను: నేను వెళ్ళిన మూడు నెలలకీ తగ్గింపు రేటు వద్దు, నెలసరి రేటే వేసుకోండి. 2,500 చొప్పున 7,500, పన్నుతో 8,850. మిగిలిన 12,390 ఇవ్వండి. ఉత్తరంలో మోకాలి సంగతి చివర రాశాను. ముందు రాసింది ఆడవాళ్ళ బ్యాచ్ ఎత్తేసిన తేదీ, లేడీ ట్రైనరు లేని రోజులు. జనవరిలో వాళ్ళు వాట్సాప్‌లో పంపిన రంగుల ప్రకటన ఇంకా ఫోనులోనే ఉంది. 'లేడీస్ ఓన్లీ' అని గులాబీ రంగులో ఇంతింత అక్షరాలు. దాని ప్రింటు జతచేశాను. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాను, మెయిల్ కూడా ఇచ్చాను. పదిహేను రోజులు గడువు పెట్టాను.

జవాబు లేదు. పదహారో రోజున 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు రాసుకుని నంబరిచ్చారు. అది కోర్టు కాదండోయ్, తీర్పు చెప్పరు. ఫిర్యాదుని అవతలివాళ్ళకి పంపి సర్దుబాటు చేయించే ప్రయత్నం చేస్తారు, అంతే. ఆ అంతే చాలాసార్లు పనిచేస్తుంది. వారం తిరక్కుండా మేనేజరు ఫోన్ చేసి "మేడమ్, మనలో మనకి ఇదంతా ఎందుకు?" అన్నాడు.

6,000 ఇస్తానన్నాడు. నేను 12,390 దగ్గర కూర్చున్నాను. కూరగాయల బేరం కంటే పెద్ద కష్టమేం కాదు, నిలబడి వెళ్ళిపోబోయే ధైర్యం ఉండాలి. రెండుసార్లు ఫోన్ పెట్టేశాక 9,500 దగ్గర తెగింది. ఎదురింటావిడ "కమిషన్‌కి వెళ్ళాల్సింది, మొత్తం వచ్చేది" అంటుంది. వచ్చేదేమో. నాకు ఇంట్లో పదో తరగతి పిల్లాడున్నాడు, తిరిగే ఓపిక లేదు. నేను చేసిందే సరైనదని మీకు చెప్పను.

ఆ ఎదురింటావిడ సంగతీ చెప్పాలి. ఆవిడ అదే జిమ్‌లో ఈఎంఐ మీద చేరింది. నెలనెలా జిమ్‌కే కడుతున్నాననుకుంది. తీరా చూస్తే ఒక ఫైనాన్స్ కంపెనీ ఏడాది డబ్బూ ముందే జిమ్‌కి ఇచ్చేసింది, ఈవిడ పేరున అప్పు రాసుకుంది. వెళ్ళడం మానినా వాయిదా ఆగదు. ఆపితే ముందు చెడేది ఈవిడ సిబిల్ స్కోరు. మీలో ఎవరైనా అలా చేరి ఉంటే ఈ సాయంత్రమే కాగితాలు తీసి అప్పిచ్చినదెవరో చూసుకోండి. జిమ్‌కి రాసిన ఉత్తరం కాపీ వాళ్ళకీ పంపండి.

జూన్‌లో డబ్బు తీసుకోవడానికి రమ్మన్నారు. వెళితే మరో కాగితం, సంతకం పెట్టమని. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. మేనేజరు గడియారం చూశాడు. కౌంటర్ అమ్మాయి నాకు మంచినీళ్ళిచ్చింది. మూడో పేరాలో ఉంది: 'సేవల విషయంలో నాకెలాంటి ఫిర్యాదూ లేదు, నా ఇష్టప్రకారమే మానుకుంటున్నాను.' పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేసి, అప్పుడు సంతకం పెట్టాను.

"అలా కొట్టెయ్యకూడదు మేడమ్" అన్నాడు.

"కొట్టేశాను కదండీ" అన్నాను.

డబ్బు నాలుగో రోజున ఖాతాలో పడింది. మావారికి ఆ మెసేజి చూపిస్తే, చదివి, "ఉత్తరం నువ్వే రాశావా?" అని అడిగారు. కాపీ తెచ్చి చేతిలో పెట్టాను. ఈసారి పేపరు పక్కన పెట్టి చదివారు.