ఊపిరితో కదిలే కంతికి ప్రోటాన్ చికిత్స

ఊపిరితిత్తుల్లో కాన్సరు కంతి ఉందని తెలిసిన కుటుంబాల నుంచి మన కర్నూలు, కడప ప్రాంతాల్లో డాక్టర్లకు ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. “చెన్నైలో ప్రోటాన్ మిషను ఉందట గదా! పొలం అమ్మి అయినా అక్కడికి తీసుకుపోదామా?” అని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. మెదడులోని కంతి పుర్రెలో కదలకుండా ఉంటుంది. ఛాతీలోని కంతి అలా ఉండదు. మీరు గాలి పీల్చినప్పుడు కిందికి దిగుతుంది, వదిలినప్పుడు పైకి వస్తుంది. పొట్టకు దగ్గరగా ఊపిరితిత్తి అడుగుభాగంలో ఉన్న కంతి ఒక్కొక్కరిలో ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఇదే తంతు.

ఈ కదలికకు అంత ప్రాముఖ్యం ఎందుకో తెలియాలంటే ముందు ప్రోటాన్ సంగతి తెలియాలి. మనవాళ్ళు “కరెంటు పెట్టించడం” అనే వైద్యంలో సాధారణంగా వాడేవి ఎక్స్‌రే కిరణాలు. కర్నూలు నుంచి బయలుదేరిన బస్సు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరులలో కొందరిని దించుతూ, కడపలో కొందరిని దించి, ఇంకా ముందుకు పోతుంది చూడండి, ఎక్స్‌రే కిరణం అలాంటిది. కంతికి ముందూ వెనకా ఉన్న మంచి భాగాలకు కూడా దాని దెబ్బ తగులుతుంది. ప్రోటాన్ బస్సు దారిలో కొద్దిమందినే దించుతుంది. ఎక్కువమందిని కడపలో దించి అక్కడే ఆగిపోతుంది. ఈ గుణం వైద్యానికి పనికివస్తుందని 1946లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విల్సన్ సూచించాడు. 1954లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదటిసారి రోగులకు వాడారు. మన దేశంలో చెన్నై అపోలో కేంద్రం 2019 జనవరిలో ప్రారంభమయింది. నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి కేంద్రం 2023లో రోగులను తీసుకోవడం మొదలుపెట్టింది.

అయితే ఈ బస్సుకు డీజిలు కడప వరకే కొలిచి పోస్తారు. దారి ఎలా ఉంటుందో ముందే లెక్కవేసి పోసిన డీజిలది. కంతి గట్టి కండ, ఊపిరితిత్తి గాలితో నిండిన మెత్తని స్పంజి. ఊపిరి వల్ల కంతి పక్కకు జరిగి, దాని స్థానంలోకి గాలి నిండిన భాగం వచ్చిందనుకోండి. అడ్డు తగ్గింది గనుక ప్రోటాన్ గమ్యం దాటి ముందుకు పోతుంది. ఆ ముందున్నది గుండె కావచ్చు, వెన్నుపాము కావచ్చు. పైగా నేటి యంత్రాలు ముగ్గు చుక్కలు పెట్టినట్టు కంతి మీద చుక్క చుక్కగా ప్రోటాన్లను వేస్తాయి. నేల కదులుతుంటే చుక్కలు ఒకచోట రెండు పడి, మరొకచోట అసలు పడవు గదా! చుక్క పడని చోట కాన్సరు కణం బతికిపోతుంది.

కనుక చికిత్సకు ముందు రోగి ఊపిరి తీస్తుండగానే ప్రత్యేకమైన సి.టి. స్కాన్ తీస్తారు. ఒక ఊపిరిని సాధారణంగా పది భాగాలుగా విడదీసి, ఏ భాగంలో కంతి ఎక్కడుందో చూస్తారు. కదలిక తక్కువైతే కంతి తిరిగే మేరనంతా కలిపి గురిపెడతారు. ఎక్కువైతే ఊపిరి బిగబట్టమంటారు, లేదా పొట్టమీద పట్టీతో మెల్లగా నొక్కి ఉంచుతారు, లేదా ఊపిరి ఒక స్థాయికి వచ్చినప్పుడే కిరణాన్ని వదులుతారు. ఒకే చుక్కను పలుమార్లు వేసి హెచ్చుతగ్గులు సరిచేయడం మరొక పద్ధతి. చికిత్స వారాల తరబడి సాగుతుంది. ఈలోగా కంతి తగ్గినా, ఛాతీలో నీరు చేరినా పాత లెక్క పనికిరాదు. అందుకే మధ్యలో మళ్ళీ స్కాన్ తీస్తారు.

కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న “మా మనిషి ఊపిరికి ఎలా లెక్క కడతారు?” అన్నది. రెండవది, “ఎక్స్‌రే చికిత్స కంటే మా మనిషికి ప్రత్యేకంగా ఒరిగేదేమిటి?” అన్నది. అమెరికాలో ఊపిరితిత్తుల కాన్సరు రోగుల మీద రెండు పద్ధతులనూ పోల్చి చూసి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పాతరకం ప్రోటాన్ పద్ధతి ఆధునిక ఎక్స్‌రే చికిత్సను మించలేదు. గుండెకు తగిలే మోతాదు మాత్రం తగ్గింది. గుండెను ఆనుకొని ఉన్న కంతికి, పసిపిల్లలకు, ఒకసారి రేడియేషన్ ఇచ్చిన చోటే మళ్ళీ ఇవ్వవలసిన వారికి ప్రోటాన్ సంగతి ఆలోచించవచ్చు. తక్కినవారిలో చాలామందికి దగ్గరలో దొరికే మంచి రేడియేషన్ చికిత్స చాలు. పొలం బేరం కుదిరేదాకా రోగిని ఇంట్లో కూర్చోబెట్టడం అన్నిటికంటే ప్రమాదం. కంతి ఆగదు.

చికిత్స ఏదైనా రోగి చేయవలసిన పనులున్నాయి. బీడీ, సిగరెట్టు ఈరోజే మానాలి. చేతులు తలపైకి చాచి కదలకుండా పడుకోవడం, డాక్టరు చెప్పినట్టు 15, 20 సెకండ్లు ఊపిరి బిగబట్టడం ఇంటివద్ద అభ్యాసం చేయాలి. బండల గనుల్లో, క్రషర్లలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవారికి ఇది కష్టం కావచ్చు. దాచకుండా చెప్పండి, వారికి వేరే పద్ధతి చూస్తారు. కొత్తగా దగ్గు, జలుబు, ఆయాసం వచ్చినా, బరువు తగ్గినా వెంటనే తెలపండి. పాత స్కాన్లన్నీ వెంట తీసుకువెళ్ళండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం దేనికి వర్తిస్తుందో బయలుదేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక మాట. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. క్షయ మందులు వాడుతున్నా ఎక్స్‌రేలో మచ్చ తగ్గకపోతే, కళ్ళెలో నెత్తురు కనిపిస్తే, నెలలు గడపక సి.టి. స్కాన్, ముక్క పరీక్ష చేయించండి. తొలిదశలో దొరికిన చిన్న కంతికి ఏ చికిత్స అయినా బాగా పనిచేస్తుంది.