అబ్బా అమానత్

మా మరహూమ్ అబ్బా కాతిబ్. ఉర్దూ అఖ్బార్‌లో ఖలమ్‌తో కితాబత్ చేసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చి కంప్యూటర్‌కి మన లిపి నేర్పింది. తర్వాత ఇన్‌పేజ్ మా ఊరి ప్రెస్సుల దాకా వచ్చేసరికి కాతిబ్‌లకు పని పోయింది. అబ్బా శికాయత్ చేయలేదు, యాభై దాటాక మౌస్ పట్టారు. రిటైరయ్యాక తన జిందగీ మొత్తం ఆ పాత ఇన్‌పేజ్‌లోనే టైపు చేసుకున్నారు.

ముష్కిల్ అక్కడే ఉంది. పాత ఇన్‌పేజ్ యూనికోడ్ కాదు. అందులోంచి కాపీ చేసి వేరేచోట పెడితే అక్షరాలు కాదు, కచరా వస్తుంది. అందుకని మా భాంజా ఒక తర్కీబ్ చేశాడు. ఫొటోలు దాచుకునే నాస్ డబ్బా ఒకటి మా హాల్లో ఫ్రిజ్ పక్కన ఉంది. దాని లోపల ఒక వర్చువల్ మెషీన్ తయారుచేసి, విండోస్ ఎక్స్‌పీ వేసి, ఇన్‌పేజ్ ఎక్కించి, అబ్బా ఫైళ్లన్నీ పెట్టాడు. మెషీన్ లోపల మెషీన్ అన్నమాట. 2014లోనే ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది కాబట్టి దానికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వలేదు.

బర్సీకి మూడు రోజుల ముందు అమ్మీ అడిగింది: "మా నిఖా గురించి మీ అబ్బా రాసిన బాబ్ చదివి వినిపించు బేటా." తనకి ఇప్పుడు చూపు ఆనదు. ఇషా తర్వాత లాప్‌టాప్ తెరిచి 'స్టార్ట్' నొక్కాను. ఎర్రక్షరాల్లో 'ఫెయిల్డ్' అని వచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. డబ్బా ఆపి, ప్లగ్ తీసి, పెట్టాను. ఫాయిదా లేదు.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ణి, రెండింట్లోనూ ఇది చెప్పలేదు. దీన్ని తీసేసి కొత్తది చేద్దామా అనుకుంటూ 'డిలీట్' దాకా వెళ్లాను. ఎందుకో చెయ్యి ఆగింది. బెంగళూరులో ఉన్న భాంజాకి ఫోన్ చేశాను.

"మామూ, డిలీట్ ముట్టుకోకండి! మెషీన్‌తో పాటు దాని డిస్కు కూడా పోతుంది, నానా రాసిందంతా దాంట్లోనే ఉంది" అని అరిచాడు. నాకు చెమటలు పట్టాయి.

ముందు మెమరీ చూద్దామన్నాడు. వర్చువల్ మెషీన్ లేవాలంటే దానికి రాసిచ్చిన ర్యామ్ ఖాళీగా ఉండాలట. మా డబ్బాలో ఉన్నదే నాలుగు జీబీ. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే యాప్ దాన్ని తినేస్తోందేమోనని ఆపాం. ఫరక్ పడలేదు. తర్వాత జాగా. డిస్కు నిండితే కూడా లేవదట, స్నాప్‌షాట్లు పేరుకుపోతే అలాగే అవుతుందట. కానీ నేను పోయిన వారమే సఫాయి చేశాను, బోలెడు ఖాళీ ఉంది. గొప్పగా చెప్పాను కూడా.

"సఫాయిలో ఏమేం తీసేశారు మామూ?"

అప్పుడు లాగ్ తెరవమన్నాడు. అది మొదటే తెరవాల్సింది, గంటన్నర మిగిలేది. అందులో ఒక ఫైలు పేరు రాసి, అది దొరకడం లేదని ఉంది. ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ చేసిన ఐఎస్‌ఓ ఫైలు. ఆరొందల ఎంబీ పైన ఉంది, దేనికో తెలియదు, పాతదని నేనే తీసేశాను. ఇన్‌స్టాల్ అయ్యాక దానితో పనేమీ లేదు. కానీ వర్చువల్ సీడీ డ్రైవ్‌లో దాన్ని పెట్టి తీయడం మర్చిపోయారు. లేచే ముందు మెషీన్ తనకి చెప్పిన సామాను మొత్తం ఉందా అని చూసుకుంటుంది. ఒక్కటి లేకపోయినా కదలదు. డిస్కుకి ఏమీ కాలేదు.

సెట్టింగ్స్‌లో సీడీ డ్రైవ్ దగ్గర ఐఎస్‌ఓ తీసేసి ఖాళీగా ఉంచి సేవ్ చేశాను. 'స్టార్ట్' నొక్కాను. నల్లటి తెర, తర్వాత ఆ పచ్చటి గుట్ట, నీలం ఆకాశం.

"అల్లాహ్ కా షుక్ర్" అన్నాడు భాంజా. "ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో డిస్కులో పెట్టండి మామూ. రేపు కాదు."

ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా రాత్రి ఒంటిగంట అయింది. అమ్మీ ఇంకా పడుకోలేదు. అది పూర్తయ్యాక మళ్లీ మెషీన్ లేపి బాబ్ తెరిచాను. వలీమా నాడు వాన కురిసి షామియానా కూలిందని, బిర్యానీ దేగ్‌ని చాచా గొడుగు పట్టి కాపాడారని రాశారు అబ్బా.

"గొడుగు కాదు, చాప" అంది అమ్మీ కళ్లు మూసుకుని. "మీ అబ్బాకి అప్పుడు ఏం కనిపించింది గనక. ఆగకు, చదువు."