నడిసముద్రంలో గోధుమ లేని విస్తరి

విహార నౌకలో తిండికి లోటుండదని ఎక్కివచ్చినవాళ్లంతా చెబుతారు. పొద్దున్నే మొదలైన వడ్డన అర్ధరాత్రి దాకా సాగుతుంది, ఎంత తిన్నా అడిగేవాళ్లుండరు, అంతా టికెట్టు డబ్బుల్లోనే. మా మేనకోడలికి ఆ మాటలు వింటే దిగులు పుట్టేది. తనకు సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి చేరితే ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు, నెత్తురు పలచబడుతుంది. దీనికి మాత్రల్లేవు. జీవితాంతం ఆ ధాన్యాల జోలికి పోకుండా ఉండటమే వైద్యం. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్నాళ్లపాటు లోపలికి పోయినా పేగు పాడవుతుందని పరిశోధకులు తేల్చారు. అంటే రొట్టె మొత్తం తినక్కర్లేదు, రోజూ రొట్టె పొడి కాస్త రాలిపడినా చాలు.

తమ్ముడి కుటుంబం ఉండేది ఆస్ట్రేలియాలోని మాసన్ లేక్స్‌లో. నేను రాజమండ్రి నుంచి వెళ్లి వాళ్లను కలుసుకున్నాను. సిడ్నీలో ఓడ ఎక్కి న్యూ కాలెడోనియా, వనువాటు, ఫిజీ దీవులు చూసి తిరిగి సిడ్నీలో దిగాలని మా ఏర్పాటు. టికెట్లు కొన్ననాడే తమ్ముడు ఆహార నియమాల ఫారం నింపి పంపాడు. పిల్ల మాత్రం ప్రయాణం దగ్గరపడేకొద్దీ ముభావంగా తయారైంది. "ఇంట్లో అయితే గిన్నెలన్నీ నావే అత్తా. అక్కడ వేలమందికి వండుతారు" అంది.

నిజమే, ఆ ఇంట్లో చపాతీ పీట అటకెక్కి చాలా కాలమైంది. దోసెలు, జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం, మనకు తెలిసిన తిండే వండుకుంటారు. బజారులో కొనేవాటికి ఆస్ట్రేలియా చట్టం అండగా ఉంది. గ్లూటెన్ ఫ్రీ అని డబ్బా మీద రాయాలంటే పరీక్షకు దొరికేంత గ్లూటెన్ కూడా అందులో ఉండకూడదు. ఓట్స్ కలిసినా ఆ మాట రాయనివ్వరు. మన దేశంలో, ఇంకా చాలా దేశాల్లో, కిలోకు 20 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. డబ్బా మీది అక్షరాలు చదివి బతకడం ఆ పిల్లకు అలవాటైంది. ఓడ భోజనశాలలో పళ్లేనికి చీటీ అంటించి ఉండదు. వడ్డించే మనిషి మాట నమ్మాలి. దాని బెంగంతా అక్కడే.

ఈ జబ్బు సంగతి మన ఊళ్లో చెబితే చాలామంది నమ్మరు. మనవాళ్లకి ఇలాంటివి రావంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేలమందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించారు. ఉత్తరాదిన నూటికి ఒకరికి మించి రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు కనిపిస్తే, దక్షిణాదిన వెయ్యికి ఒక్కరు తేలారు. జన్యువుల్లో పెద్ద తేడా లేదు, తేడా పళ్లెంలో ఉంది. మనవాళ్లు తినే గోధుమ చాలా తక్కువ. ఇప్పుడు షుగరు పేరు చెప్పి రాత్రిళ్లు చపాతీకి మారని ఇల్లు మా వీధిలో కనపడదు. రావని ధీమాగా కూర్చోవడం కన్నా, ఏళ్ల తరబడి రక్తహీనత తగ్గని పిల్లలకు ఒకసారి ఆ పరీక్ష చేయించడం మేలని నా నమ్మకం. అయితే పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు. మానేస్తే రక్తపరీక్షలోనూ, పేగు ముక్క తీసి చూసే పరీక్షలోనూ జబ్బు బయటపడకపోవచ్చు.

సిడ్నీ సర్క్యులర్ క్వేలో ఓవర్సీస్ ప్యాసింజర్ టెర్మినల్ 1960లో కట్టింది. ఒకవైపు ఆపెరా హౌస్, మరోవైపు హార్బర్ బ్రిడ్జి, నడుమ మా ఓడ. మరదలు సున్నుండలు చుట్టింది. మినుములు, బెల్లం, నెయ్యి, అందులో భయపడాల్సిందేమీ లేదు. కానీ ఇంట్లో చేసిన పదార్థాలు ఓడలోకి రానివ్వరని రాతకోతల్లోనే చెప్పారు. సీలు తీయని పొట్లాలకైతే అభ్యంతరం లేదు. సున్నుండలు ఓడ ఎక్కకముందే మా నలుగురి కడుపుల్లోకి చేరాయి. "ఓడ ఎక్కాక ఆకలితో ఉండాల్సొస్తే ఇదే చివరి భోజనం వదినా" అని మరదలు నవ్వింది గానీ ఆ నవ్వులో కంగారు నాకు కనపడింది.

ఓడలో భోజనం రెండు తీర్లు. పైడెక్కు మీద బఫే, కింద బల్లల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే పెద్ద భోజనశాల. బఫే చూడ్డానికి కన్నుల పండగే. పండ్ల గుట్టలు, మాంసాలు, రొట్టెలు, పదిరకాల సలాడ్లు. కానీ పాస్తా తీసిన పటకారుతోనే పక్కనున్న బంగాళదుంపలు తీస్తారు, బ్రెడ్డు ముక్కలు సలాడ్‌లో రాలిపడతాయి. చికెన్ ముక్కలు పిండిలో ముంచి వేయించిన నూనెలోనే బంగాళదుంప చిప్స్ వేగుతాయి. సూపు చిక్కబడటానికి వెన్నలో మైదా వేయించి కలుపుతారు. చేప మీద పోసే సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. అక్కడి చీటీ మీద గ్లూటెన్ లేదని రాసి ఉన్నా, గంట గడిచేసరికి ఆ గిన్నెలో ఎవరి గరిటె మునిగిందో ఎవరు చెప్పగలరు? పిల్ల ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, తొక్క ఒలుచుకు తినే అరటిపండు తీసుకుని వచ్చేసింది.

కింది భోజనశాల పద్ధతి వేరు. మొదటి సాయంత్రమే పెద్ద వెయిటర్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. గోవా మనిషి, చాలా ఏళ్లుగా ఓడల మీదే బతుకు. ఫారం కాగితం చేతిలో ఉంది. నేను చెప్పబోతుంటే పిల్ల నా చెయ్యి నొక్కి, "ఉండత్తా, నేనే చెబుతాను" అని తన జబ్బు సంగతి తనే చెప్పింది. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదనీ, విడి గిన్నె, విడి చాకు కావాలనీ. అతను తొందరపడకుండా విన్నాడు. అందరూ వాడే వంటగది కాబట్టి పూర్తి హామీ ఇవ్వలేమని కంపెనీ నియమంగా చెప్పి, తన చేతిలో ఉన్న పద్ధతి వివరించాడు. ప్రతి రాత్రీ మర్నాటి వంటల పట్టిక తెచ్చి ఇస్తాడు, కావలసినవి గుర్తుపెట్టాలి. వంటగదిలో ఒక మూల, ఊదారంగు పలక, ఊదారంగు పిడి చాకుతో అవి విడిగా తయారవుతాయి. పళ్లెం మూతతో వస్తుంది, అతని చేతులమీదుగా తప్ప రాదు.

మూడు వేళలా బల్లల మధ్య పరుగులు పెట్టే మనిషి, రాత్రి పదిగంటలకు మా పక్కన వంగి నిలబడి రేపు పొద్దున ఈ పిల్ల ఏం తింటుందో రాసుకునేవాడు. మెనూ కార్డు మీద చిన్న అక్షరాల్లో అచ్చేసిన గుర్తుల కన్నా ఆ రాత ఎక్కువ కాపాడింది.

మా బల్ల దగ్గర మరో జంట కూర్చునేవారు. ఆయన చిన్నతనంలో నెదర్లాండ్స్ నుంచి వలస వచ్చిన ముసలాయన. ఒక రాత్రి కొత్త కుర్రాడు పిల్ల ముందు సూపు పెట్టాడు. పైన చల్లిన రొట్టె ముక్కలు తీసేశానన్నాడు. పెద్ద వెయిటర్ దూరం నుంచి చూసి వచ్చి, ఆ గిన్నె వెనక్కి పంపి వేరేది చేయించాడు. "తీసేశారుగా, చాలదా?" అని ముసలావిడ మెల్లగా అడిగింది. ఆమె భర్త అందుకున్నాడు. 1944-45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధంలో తమ దేశం ఆకలితో అల్లాడిందట, తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారట. ఆ కరువులో ఊరంతా చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారు. కరువు తీరి రొట్టెలు రాగానే వాళ్లు మళ్లీ మంచాన పడ్డారు. విల్లెమ్ కారెల్ డికె అనే పిల్లల డాక్టరుకు గోధుమ మీద అంతకుముందు నుంచే అనుమానం ఉంది, ఆ చలికాలం దాన్ని గట్టిపరిచింది. 1950లో ఆయన సిద్ధాంత గ్రంథం వచ్చింది. అంతకుముందు ఎందుకు పోతున్నారో తెలియకుండానే పిల్లలు పోయేవారు. ముసలాయన ఇదంతా చెప్పి, తన ముందున్న రొట్టెల బుట్ట పిల్లకు దూరంగా జరిపాడు. ఆ తరవాత ప్రతి రాత్రీ ఆయనే ఆ బుట్టను బల్ల చివరికి నెట్టేవాడు.

ఒకనాడు భారతీయ భోజనం వండుతామని పట్టికలో వచ్చింది. పప్పు, అన్నం, కోడికూర. పప్పన్నంలో గోధుమ ఎక్కడుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇంగువలో ఉంటుంది. బజారులో దొరికే ఇంగువ పొడిలో అసలు ఇంగువ కొంచెమే. మిగతాది దాన్ని పొడిగా నిలిపే పిండి, చాలా డబ్బాల్లో అది గోధుమపిండి. పులిహోర, సాంబారు, పప్పుచారు, ఆవకాయ, వేటిలోనైనా ఒక చిటికెడు పడుతుంది. తెలుగింట్లో సీలియాక్ ఉన్నవాళ్లు ముందు వెతకాల్సింది ఆ డబ్బానే. పిల్ల అడగ్గానే పెద్ద వెయిటర్ వంటగదిలోకి వెళ్లాడు. కాసేపటికి వంటవాడే తెల్ల టోపీతో మా దగ్గరికి వచ్చాడు, చేతిలో ఇంగువ డబ్బా. ఇద్దరూ తల దగ్గరగా పెట్టి చీటీ చదివారు. గోధుమపిండి అని స్పష్టంగా ఉంది. అతను మాట్లాడకుండా తల ఊపి వెళ్లాడు. జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి తిరగమోతతో వేరే గిన్నెలో పప్పు వచ్చింది. ఆ రోజు మా మరదలి కళ్లు చెమర్చాయి. కూతురు బయట ఎక్కడా అడిగి పప్పన్నం తిన్నది లేదు.

న్యూ కాలెడోనియాలో ఓడ ఆగిన నౌమియా ఫ్రెంచివాళ్ల ఊరు. వీధి వీధికీ రొట్టెల వాసన. మేం సముద్రం ఒడ్డు చూసి ఓడకే వచ్చి భోంచేశాం.

వనువాటులో మిస్టరీ ఐలాండ్ దగ్గర ఓడ లంగరు వేసింది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. జనావాసం లేని దీవి, నడిమధ్యన రెండో ప్రపంచయుద్ధం నాటి గడ్డి రన్‌వే. ఎదురుగా ఉన్న అనైట్యుమ్ దీవి నుంచి మనుషులు పడవల్లో వచ్చి అంగళ్లు పెట్టుకుంటారు. వనువాటు వాళ్ల ముఖ్యమైన వంట లాప్‌లాప్. పెండలమో, చేమదుంపో, కర్రపెండలమో తురిమి, కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి, కాలిన రాళ్ల మీద ఉడికిస్తారు. న్యూ కాలెడోనియా కనాక్ జనం చేసే బున్యా కూడా ఇలాంటిదే. గోధుమ పండని నేలల్లో పుట్టిన తిండి ఇది. పిల్ల ఒకామెను అడిగి, దుంప, కొబ్బరి, ఉప్పు తప్ప ఏమీ లేదని తేలాక, ఆకు విప్పి చేత్తో తింది. నాకు మా కోనసీమ కొబ్బరితోటల్లో కంద తవ్వే రోజులు కళ్లముందు మెదిలాయి.

ఫిజీలో లౌటోకా రేవు. అక్కడి చక్కెర మిల్లు 1903 నాటిది. మద్రాసు నుంచి కూలీల ఓడలు ఫిజీకి వెళ్లడం మొదలైందీ ఆ ఏడాదే. 1879 నుంచి 1916 దాకా గిరిమిట్ అనే కూలి ఒప్పందం మీద వెళ్లిన సుమారు 60 వేలమందిలో నాలుగోవంతు మంది మద్రాసు దారిన వెళ్లినవాళ్లు. వాళ్లలో మన విశాఖ వైపు పల్లెల నుంచి వెళ్లిన తెలుగువాళ్లున్నారు. ఆ ఓడల్లో పట్టిక చూసి గుర్తుపెట్టేవాళ్లెవరూ లేరు. ఒకే చోట వండింది అందరూ తినాల్సిందే. కులాల పంక్తులు ఆ సముద్రం మీదే కలిసిపోయాయి. తోటల్లో బియ్యం, పప్పుతో పాటు ముతక గోధుమపిండి రేషనుగా కొలిచిచ్చేవారు. అన్నం తప్ప ఎరగని తెలుగు నోళ్లు రొట్టెకు అలా అలవాటుపడ్డాయి. ఇప్పుడు ఫిజీ భారతీయుల ఇళ్లలో రొట్టె, కూర రోజువారీ తిండి. 1941లో పుట్టిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఈనాటికీ అక్కడ బడులు నడుపుతోంది. ఎవరి పేగులు ఆ పిండిని ఒప్పుకోలేదో, నీరసించిన కూలీని సోమరి అని ఏ సర్దారు కొట్టాడో లెక్క రాసిన కాగితం ఉండదు. డికె పరిశోధన రావడానికి అప్పటికి ఇంకా ఎన్నో ఏళ్లున్నాయి. లౌటోకా సంతలో చేమాకు కట్టలు, కర్రపెండలం కుప్పల మధ్య నడుస్తుంటే నా మనసు ఆ కూలీల దగ్గరే ఉండిపోయింది. చేమాకును కొబ్బరిపాలలో ఉడికించి చేసే రౌరౌ మధ్యాహ్నం అన్నంలోకి దొరికింది. మా ఇంటి చేమాకు పులుసు కన్నా కమ్మగా ఉంది, పులుపు లేదంతే.

వెనక్కి వచ్చే దారిలో వరసగా సముద్రం రోజులు. పిల్ల బెంగ తీరినట్టే ఉంది, నడవాల్లో నవ్వుతూ తిరిగింది. సిడ్నీ దగ్గరపడుతుండగా నా పక్కన కూర్చుని, వచ్చే సంక్రాంతికి రాజమండ్రి వస్తాననీ, పాపికొండల లాంచీ ఎక్కాలనీ అంది. నేను చేతిసంచిలోంచి కాగితం తీశాను. లాంచీ మీద వండేవాళ్లతో ముందుగానే మాట్లాడాలి. పులిహోరలో ఇంగువ ఏ డబ్బాది, వేయించిన నూనెలో మైదా బజ్జీలు పడ్డాయా, సాంబారు పొడి ఇంట్లో కొట్టిందా, కొన్నదా. ఒక్కొక్కటీ తను చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆఖరికి, "మనకి విడిగా ఒక గరిటె తీసుకెళ్దాం అత్తా" అంది. అదీ రాశాను.