నేనింకా ఉన్నాన్రా!
శ్రీవిజయపురం (నిన్నటి పోర్ట్‌బ్లెయిర్) డాలీగంజ్‌లో మా అన్నయ్య ఇంటి మేడ మీద ఆటల గది ఉంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి ఈ దీవులకు సుమారు 2,300 కి.మీ. సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా, ఉపగ్రహ ఇంటర్నెట్‌తో ఈమెయిల్ తెరుచుకోవడమే గగనమైన ఊరది. ఇప్పుడు ఆ గదిలో అడుగుపెడితే చాలు, లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది.

చిక్కల్లా నాన్నతోనే. చదరంగం ముందు కూర్చున్నారంటే పావుగంటైనా కదలరు. గోడ మీది సెన్సర్ పసిగట్టేది కదిలే ఒంటి వేడిని మాత్రమే. పది నిమిషాలు చూసి, గది ఖాళీ అనుకుని లైటు ఆర్పేస్తుంది. ఆయన చీకట్లో చెయ్యి ఊపుతూ "నేనింకా ఉన్నాన్రా!" అంటారు. నిరుడు గుండె ఆపరేషన్ అయ్యాక ఆ మాటకు మాకెవరికీ నవ్వు రావడం లేదు.

ఊపిరి కదలికను కూడా గుర్తించే రాడార్ సెన్సర్ తెప్పిస్తానన్నాడు అన్నయ్య. వదిన ఆగలేదు. ఎలక్ట్రీషియన్ను పిలిపించి, తలుపు పక్కన పాత స్విచ్ మళ్లీ పెట్టించింది.