మోటారు పందేలు – మన నగరాలు

పందెం అన్న మాట చెవిని పడగానే మా ఆకివీడు ప్రాంతంవారికి మొదట స్ఫురించేది కోడిపందెం. ఆ తరువాత ఎడ్లపందెం. మోటారు కార్ల పందెం మాత్రం ఎక్కడో దూరదేశాలలో ధనవంతులు ఆడుకునే ఆట అనీ, దానితో మనకు ప్రసక్తి లేదనీ మేము చాలాకాలం భావించాము. కాని ఆ పందెం హైదరాబాదుకు వచ్చింది, ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయింది. వచ్చినప్పటికన్నా వెళ్లిన తరువాతనే దానిని గురించిన చర్చ అధికమైంది. మిత్రులతో, బంధువులతో ఈ విషయమై మేము పలుమార్లు వాదించిన మీదట మాకు తోచిన నాలుగు మాటలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ఇది పూర్తిగా విద్యుచ్ఛక్తితో నడిచే కార్లకు ఏర్పడిన ప్రపంచ స్థాయి పోటీ. 2014లో చైనా రాజధాని బీజింగులో మొదలైంది. మన దేశపు మహీంద్రా జట్టు తొలి ఏటి నుండి ఇందులో పాల్గొంటున్నది. భారతదేశంలో ఈ పోటీ జరగడం అదే ప్రథమం. లుంబినీ పార్కు, ఎన్‌టీఆర్ మార్గం, అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం, నెక్లెస్ రోడ్డు – వీటిని చుట్టి సుమారు 2.8 కిలోమీటర్ల బాట ఏర్పరచారు. ఫ్రాన్సు దేశీయుడు జీన్ ఎరిక్ వెర్న్ విజేత అయ్యాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 10న జరగవలసిన రెండవ పందెం జరగనే లేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం పాత ఒప్పందాన్ని నెరవేర్చడానికి అంగీకరించకపోవడంతో 2024 జనవరి 5న నిర్వాహకులు పందెం రద్దయినదని ప్రకటించారు.

ఎక్కడి హైదరాబాదు, ఎక్కడి కొల్లేటి ఒడ్డు, మీకెందుకీ చింత అని ఎవరైనా అడగవచ్చు. అడిగినవారున్నారు కూడా. మా చింతకు కారణం మోటారు షెడ్డు.

ఆకివీడు నుండి కైకలూరు వరకు, ఇటు ఉండి మీదుగా భీమవరం వరకు రహదారి పక్కన ఎన్ని షెడ్లున్నవో చూసినవారికే తెలుస్తుంది. చేపల లోడుతో కలకత్తాకు, అస్సాముకు పోయే లారీలు, చెరువు గట్లమీద తిరిగే ట్రాక్టర్లు, నీరు తోడే డీజిల్ ఇంజన్లు – వీటిని బాగుచేసే ఉస్తాదులలో మా ముస్లిం కుటుంబాలవారు చాలామంది. పొలం లేనివానికి పానా పొలమయింది. మా కళాశాలలో చదివే పిల్లలలో ఫీజు కట్టిన నోటుకు గ్రీజు మరక ఉన్నవారిని లెక్కించబోతే వేళ్లు చాలవు. మా మేనమామగారి షెడ్డు కూడా వాటిలో ఒకటి. ఆయన డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేస్తారు. బండి వచ్చి ఆగకముందే, ఆ చప్పుడు విని ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో చెప్పగలరు. నలభై ఏళ్ల విద్య అది, పుస్తకంలో లేదు.

హైదరాబాదు పందెం ముచ్చటను మేము సెల్‌ఫోనులో చూపినప్పుడు ఆయన చాలాసేపు చూసి, “బేటా, చప్పుడు లేని బండికి జబ్బు ఎట్లా కనిపెడతారు?” అని అడిగారు. అక్కడున్నవారు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆ కార్లలో నాజిలు లేదు, పిస్టను లేదు, ఇంజను ఆయిలు లేదు. వేగం తగ్గించేటప్పుడు వృథా కావలసిన శక్తిని తిరిగి విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో చేర్చే ఏర్పాటు మాత్రం ఉన్నది; పందెంలో ఖర్చయ్యే శక్తిలో సుమారు నలభై శాతం ఆ విధంగానే సమకూరుతుందని నిర్మాతలు చెబుతారు. ఈనాడు పందెం బాట మీద కనిపించినది రేపు ఆటోలో, ఎల్లుండి లారీలో కనిపిస్తుంది. అప్పుడు ఈ షెడ్లు ఏమవుతాయి? మోటారు పందెం అవసరమా కాదా అన్న వాదంలో ఈ ప్రశ్న మాకు ఎక్కడా వినబడలేదు. అనుకూలురు పెట్టుబడులను గురించి, ప్రతికూలురు ట్రాఫిక్‌ను గురించి మాట్లాడారే కాని పానా పట్టినవాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ట్రాఫిక్ వాదం కొట్టివేయదగినది కాదు. నగరం నడిబొడ్డున రోజుల తరబడి దారులు మళ్లించారు. ఖైరతాబాదు వైపు పోయేవారు పడిన అవస్థను అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరి పిల్లలు కథలు కథలుగా చెప్పారు. అయితే ఆ దారులు మూయడం కొత్త కాదు. వినాయక నిమజ్జనానికి అదే ఎన్‌టీఆర్ మార్గం మూస్తారు. మొహర్రం నాడు బీబీకా ఆలం ఊరేగింపుకు పాతబస్తీ దారులు మూస్తారు. జనం ఓర్చుకుంటారు, ఎందుకంటే ఆ దారిలో నడిచేది ఆ జనమే. ఈ పందానికి ప్రవేశ రుసుమే వెయ్యి రూపాయల నుండి మొదలయింది. అందరి దారి మూసి, కొనగలిగినవారికి తెరిచారన్న బాధ సామాన్యునికి కలిగితే అది అసూయ అనరాదు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో జనుల నీటి అవసరానికి కట్టిన చెరువు అది. దాని గట్టున సాయంకాలం గాలికి కూర్చోవడానికి టికెట్టు లేదు.

ఇక ధనం మాట. తొలి పందెం వలన నగర ప్రాంతానికి సుమారు 8 కోట్ల 40 లక్షల డాలర్ల మేలు కలిగిందని నిర్వాహకులు ప్రకటించారు. పందెం అమ్ముకునేవారు పందానికి వేసిన విలువ అది. సరుకు అమ్మేవాని తూకాన్ని మరొక తక్కెడలో పెట్టి చూడడం మా చేపల మార్కెట్టులో పసిపిల్లలకు కూడా తెలిసిన నీతి. మొదటి ఏడు ఖర్చులో ప్రైవేటు సంస్థ భాగం పంచుకున్నది. రెండవ ఏటికి ఆ సంస్థ తప్పుకోగా, భారం నగరాభివృద్ధి సంస్థ మీద పడింది. శాసనసభ ఎన్నికలకు సరిగ్గా నెల ముందు, 2023 అక్టోబరు 30న ఒప్పందం కుదిరింది. ఆ చెల్లింపులపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. అందలి నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. తీర్పులు చెప్పడానికి మేమెవరం? కాని ఒక్కటి స్పష్టం: ప్రజల ధనంతో పందెం నడపదలచినప్పుడు ఆ లెక్క ముందుగా శాసనసభలో పదిమంది ముందు పెట్టి ఉంటే, ప్రభుత్వం మారినా పందెం మారేది కాదేమో! లేక ఆ లెక్క చూసి మొదటనే వద్దని ఉండేవారేమో! రెండింటిలో ఏది జరిగినా నగరానికి పరువే.

ఇది హైదరాబాదుకు మొదటి అనుభవం కూడా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నగర శివారున ఫార్ములా ఒన్ బాట నిర్మించాలని ఒకప్పుడు గట్టి ప్రయత్నమే జరిగింది. 2004లో ప్రభుత్వం మారింది. ఆ ఊసు అంతటితో సరి. ఆ ఫార్ములా ఒన్ చివరకు ఢిల్లీ సమీపాన గ్రేటర్ నోయిడాకు పోయింది. అక్కడ ఒక ప్రైవేటు సంస్థ 5 కిలోమీటర్లకు పైబడిన బాటను నిర్మించింది. 2011, 2012, 2013 – మూడు పందేలు జరిగాయి, మూడింటిలోనూ జర్మనీ దేశీయుడు సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఇది క్రీడా, వినోదమా, పన్ను ఎంత అన్న తగాదా ముదిరి నాలుగవది జరగలేదు. క్రీడ అయితే పన్ను రాయితీ, వినోదమయితే పన్ను! మోటారు పందెం అంటే ఏమిటో మన ప్రభుత్వాలే తేల్చుకోలేదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఇతర దేశాలలో తేలిందా అంటే అదీ లేదు. 1955లో ఫ్రాన్సులోని ల మాన్స్ పందెంలో ఒక కారు ప్రేక్షకులలోకి దూసుకుపోయి ఎనభై మందికి పైగా మరణించారు. పొరుగున ఉన్న స్విట్జర్లాండు వెంటనే ఇటువంటి పందేలను నిషేధించి దశాబ్దాల పాటు ఆ మాట మీద నిలబడింది. తిరిగి అనుమతించింది 2018లో జూరిచ్ నగరంలో. అదీ విద్యుత్ కార్లకు మాత్రమే. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరం 1996లో ప్రజల ఉద్యానవనం చుట్టూ పందెం పెట్టినప్పుడు చుట్టుపక్కలవారు చెట్లకు పసుపు రిబ్బన్లు కట్టి నిరసించారు. పందెం ఆగలేదు.

మా ఉద్దేశంలో అన్నిటికన్నా ఆలోచింపదగినది మద్రాసు వారి పద్ధతి. షోళవరంలో యుద్ధకాలపు విమానాల బాట మీద ఏళ్ల తరబడి పందేలు జరిగాయి. ఆ తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాట వేసుకున్నారు. కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ తొలి పందేలు ఆడింది శ్రీపెరుంబుదూరులోనే. 2005లో ఫార్ములా ఒన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఊరికి దూరంగా ఉన్న బాట ఏడాది పొడుగునా పిల్లలకు బడి అవుతుంది. ఊరి నడుమ వేసిన బాట ఒక్క సాయంత్రం తిరునాళ్ల అవుతుంది. అదే మద్రాసు 2024లో నగరం నడుమ ఐలండ్ గ్రౌండ్సు చుట్టూ రాత్రి పందెం నడిపిందని గుర్తుచేసేవారుంటారు. నిజమే. దానివలన శ్రీపెరుంబుదూరు విలువ తగ్గలేదు.

కనుక హైదరాబాదులో పందెం జరగాలా అంటే, జరగవచ్చునని మా అభిప్రాయం. హుస్సేన్‌సాగర్ గట్టున కాక, నగరం వెలుపల, పదేళ్లు నిలిచే బాట మీద జరగాలి. టికెట్టు అమ్ముకునేవాడే ఖర్చు పెట్టుకోవాలి. ప్రభుత్వం ఇచ్చేది స్థలమైనా సొమ్మైనా శాసనసభ ఎరుకలో ఇవ్వాలి. ఈ మాట అంటే మా మిత్రులలో కొందరు, “165వ నంబరు జాతీయ రహదారి మీద చేపల లారీల నీరు కారి మోటారు సైకిళ్లు జారిపడుతుంటే మీకు పందేల బాట కావలసి వచ్చిందా?” అని ఎత్తిపొడిచారు. మా రోడ్డు బాగుపడవలసినదే. కాని తెలంగాణలో పందెం ఆగినందువలన ఆకివీడు రోడ్డుకు ఒక్క తట్ట కంకర అదనంగా పడలేదన్నది కూడా అంతే నిజం.

మేము కోరేది మరొకటి ఉన్నది. అటువంటి పందెం మరల ఎక్కడ జరిగినా, కార్లు విప్పి బిగించే చోటికి ఒక్క రోజు ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను, వారితోపాటు షెడ్లలోని ఉస్తాదులను అనుమతించాలి. సినిమా తారలకు దొరికిన ప్రవేశం వారికి దొరకకూడదా? మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అటువంటి చోట కావలసిన పని మా షెడ్లలోని పిల్లలకు నేర్పేవారు కావాలి. మా మేనమామగారి చిన్నకొడుకు పగలు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటూ, సాయంకాలం తండ్రి పక్కన నాజిళ్లు కడుగుతున్నాడు. మొన్న షెడ్డుకు బ్యాటరీ ఆటో ఒకటి వచ్చింది. తండ్రి అలవాటు చొప్పున చెవి ఒగ్గి విన్నారు; కొడుకు మీటరు తెచ్చి తీగెలకు తగిలించాడు. ఇద్దరూ కలిసి దానిని నడిపించడానికి రాత్రి పదయింది.