మూడో స్కీ

మార్చి మొదటి వారం. సియాటిల్ నుంచి మూడున్నర గంటలు ఎగిరి అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగాను. బయట మైనస్ 12 డిగ్రీలు. మా టీమ్‌లో ఒకతనికి అక్కడ సొంత విమానం ఉంది. "వీకెండ్‌కి వచ్చెయ్, మంచు మీద దింపి చూపిస్తా" అన్నాడు.

సొంత విమానం అనగానే కోటీశ్వరుడేమో అనుకోకండి. అలాస్కాలో చాలా ఊళ్ళకి రోడ్డే లేదు. రాష్ట్ర రాజధాని జూనోకి కూడా బయటి నుంచి రోడ్డు లేదు. మనకి బైకు ఎలాగో అక్కడ చాలామందికి చిన్న విమానం అలాగ.

పెద్ద ఎయిర్‌పోర్టు పక్కనే లేక్ హుడ్, లేక్ స్పెనార్డ్ అని రెండు చెరువులున్నాయి. మధ్యలో కాలువ తవ్వి కలిపేశారు. వేసవిలో నీటి మీద దిగే విమానాలు ఇక్కడ బారులు తీరి ఉంటాయి. చలికాలంలో చెరువు గడ్డకడుతుంది. విమానాలకి స్కీలు బిగించి ఆ మంచు మీదే దించుతారు.

మావాడిది పైపర్ సూపర్ కబ్. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం. ముందు చక్రాల చోట స్కీలు అప్పటికే ఉన్నాయి, తోక దగ్గర మాత్రం ఇంకా చక్రమే. అంతకు ముందు వారం మెత్తటి మంచులో దిగితే ఆ చక్రం నాగలిలా దిగబడిపోయిందట. విమానం తిరగనే లేదు. రెండు గంటలు కాళ్ళతో మంచు తొక్కి, దారి చేసుకుని బయటపడ్డాడట. అందుకే తోకకీ స్కీ బిగించాలని మెకానిక్ పెద్దాయన్ని పిలిచాడు. నేను చేతి సాయం.

తోకని స్టాండ్ మీదకి ఎత్తాం. చూడ్డానికి చిన్న పనే. చక్రం ఇరుసుకి స్కీని బోల్టుతో బిగించాలి. స్కీ ముక్కుని పైకి లాగి పట్టడానికి ఒక స్ప్రింగు, మరీ తిరిగిపోకుండా ఆపడానికి ఒక కేబుల్. గాల్లో ముక్కు కిందికి వాలిందంటే దిగేటప్పుడు మంచులో గుచ్చుకుంటుంది. రడ్డర్‌ని చివరిదాకా అటూ ఇటూ తిప్పి, ఏదీ తగలట్లేదని చూసుకోవాలి.

తర్వాత లెక్క. పార్కులో పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే బల్ల గుర్తు తెచ్చుకోండి. ఐదు మీటర్ల దూరంలో మూడు కిలోలు పెడితే, ఒక మీటరు దూరంలో పదిహేను కిలోలు పెట్టినట్టే. తోక బరువెక్కితే విమానం అదుపు తప్పొచ్చు. పైగా వెనక సీట్లో కూర్చునేది నేను. "ఎంత బరువు?" అన్నాడు పెద్దాయన. డెబ్బై రెండు అన్నాను. కోటుతో, బూట్లతో కాటా ఎక్కించాడు. డెబ్బై తొమ్మిది! నా బ్యాగు కిందే ఉండిపోయింది.

"నట్టు బిగించావా?"

"అయిపోయింది" అన్నాను ధీమాగా.

ఆయన వంగి చూసి, నా వైపు చెయ్యి చాపాడు. మన షెడ్లలో స్ప్లిట్ పిన్ అంటామే, నట్టు ఊడకుండా గుచ్చే ఆ తీగ పిన్ను, అది నా కోటు జేబులోనే ఉంది. వేళ్ళు కొంకర్లు పోతుంటే గ్లవ్స్ వేసుకుని, మర్చిపోయాను. అది లేకపోతే అదురుకి నట్టు మెల్లగా వదులైపోతుంది. ఆఫీసులో నా కోడ్‌లో తప్పు దొర్లితే పది నిమిషాల్లో పాత వెర్షన్ పెట్టేస్తాను. గాల్లో ఆ సౌకర్యం ఎక్కడిది?

పెద్దాయన తిట్టలేదు. పిన్ను నా చేతే పెట్టించి, కొసలు వంపించి, మొత్తం మొదటినుంచీ తను మళ్ళీ చూసుకున్నాడు. ఆ తర్వాతే లాగ్‌బుక్‌లో సంతకం.

మధ్యాహ్నం ఎగిరాం. ఊరు దాటాక ఒక తెల్లటి మైదానంలో దిగాం. స్కీలకి బ్రేకులుండవు, విమానం జారి జారి తనంతట తానే ఆగింది. తిరిగేటప్పుడు తోక ఎక్కడా దిగబడలేదు. దిగి వెనక్కి చూస్తే మంచులో మూడు గీతలు. మధ్య గీత దగ్గర కాసేపు నిలబడిపోయాను.

రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో అన్నీ చెప్పాను, పిన్ను సంగతి తప్ప. ఇది చదివాక ఎలాగూ ఫోన్ చేస్తుంది.